బిల్లు లేదు సరే, ఆటో డబ్బులో?

పోయిన నెల ఈ శీర్షికలో "సర్కారు ఆస్పత్రిలో కాన్పు ఫ్రీయే కదా, ఎందుకంత టెన్షన్" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దానికి మీరంతా కలిసి నన్ను ఉతికి ఆరేశారు. "ఫ్రీ అని ఎవరు చెప్పారు మీకు", "మీరెప్పుడైనా రాత్రి రెండింటికి వెళ్లి చూశారా" అని ఒకటే ఉత్తరాలు. చూశానమ్మా. హిందూపురం నుంచి బెంగళూరొచ్చి ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ భాగం లేబర్ వార్డులోనే. ఆ రాత్రి రెండు గంటలకి గ్లోవ్స్ వేసుకుని అటువైపు నిలబడింది నేనే. అందుకే ఈసారి అంతా కాన్పుల గురించే. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, మాది కదిరి దగ్గర పల్లె. మా ఆయనది సెంట్రింగ్ పని. ఏడాదిగా వైట్‌ఫీల్డ్ దాటాక ఒక సైట్‌లో రేకుల షెడ్డులో ఉంటున్నాం. నాకు ఐదో నెల. మెడికల్ షాపు పక్కనున్న డాక్టరమ్మకి ఒక్కసారి చూపించుకున్నా, అంతే. ఆధార్‌లో అడ్రసు ఊరిది. ఇక్కడ ఆంధ్రా ఆధార్ చెల్లదని మేస్త్రీ అంటున్నాడు. అత్తమ్మేమో ఊరికి వచ్చేయమంటుంది. ఏం చేయాలి?

జవాబు: మేస్త్రీ మాట ఇసుక, సిమెంటు వరకు వినమ్మా, ఇక్కడ వద్దు. జననీ శిశు సురక్షా కార్యక్రమం అని 2011 జూన్ 1న మొదలైంది, దేశం మొత్తానికి. దాని ప్రకారం సర్కారు ఆస్పత్రిలో కాన్పుకొచ్చిన ఏ ఆడమనిషి దగ్గరా పైసా తీసుకోకూడదు. ఏ రాష్ట్రం, ఏ కార్డు, ఎన్నో కాన్పు అన్న షరతే లేదు. నీ ఆధార్‌లో కదిరి ఉన్నా కన్యాకుమారి ఉన్నా కాన్పు ఫ్రీయే.

అయితే రూలు ఉండటం వేరు, గేటు దగ్గరున్న మనిషికి ఆ రూలు గుర్తుండటం వేరు. 2022 నవంబరులో తుమకూరులో ఏం జరిగిందో పేపర్లో చదివే ఉంటారు. తమిళనాడు నుంచి వచ్చిన నిండు గర్భిణి నొప్పులతో జిల్లా ఆస్పత్రికి వెళ్తే, ఆధార్ లేదు, గర్భిణులకిచ్చే తాయి కార్డు లేదు అని తిప్పి పంపేశారు. ఇంటికెళ్లి, అక్కడే కాన్పై, కవల బిడ్డలతో సహా చనిపోయింది. తర్వాత సస్పెన్షన్లు అయ్యాయి, కాగితాలు లేవని ఎవర్నీ వెనక్కి పంపకూడదని సర్కారు గట్టిగా ఆదేశం ఇచ్చింది. కాబట్టి ఈ రోజున నీ దగ్గర ఒక్క కాగితం లేకపోయినా, నొప్పులతో వచ్చినప్పుడు చేర్చుకోవాల్సిందే. కానీ నిన్ను అంతదాకా తెచ్చుకోమని నేనెందుకు చెప్తాను?

రేపే వెళ్లి తాయి కార్డు చేయించుకో. కన్నడంలో తాయి అంటే తల్లి, మనూళ్లో ఏఎన్ఎమ్మమ్మ ఇచ్చే తల్లీబిడ్డల కార్డు లాంటిదే. మామూలుగా ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి రాసుకోవాలి. మీ సైట్లకు చుట్టూ రేకులు, గేటుకో వాచ్‌మన్, ఆవిడ లోపలికి ఎట్లా వస్తుంది పాపం, లోపల కడుపుతో ఉన్న మనిషి ఉందని ఆవిడకెట్లా తెలుస్తుంది? నువ్వే కదలాలి. దగ్గర్లో పీహెచ్‌సీ గానీ నమ్మ క్లినిక్ అనే సర్కారు చిన్న దవాఖానా గానీ ఎక్కడుందో కిరాణా కొట్టు వాళ్లనడిగినా చెప్తారు. ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు పాసుబుక్కు పట్టుకెళ్లు, ఆఖరుసారి నెలసరి ఎప్పుడైందో గుర్తు తెచ్చుకుని వెళ్లు. బరువు, బీపీ, రక్తం, మూత్రం చూస్తారు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తం తక్కువని లెక్క, 7 కన్నా తక్కువైతే మాత్రం ఆలస్యం చేయకూడదు, అది నిజంగా ప్రమాదం. మూడో నెల నిండేలోపే ఈ కార్డు అయిపోయుండాల్సింది, సరే, అయిందేదో అయింది. ఐదో నెల కాబట్టి బిడ్డ అవయవాలు చూసే స్కానింగ్‌కి సరిగ్గా ఇదే సమయం, అడిగి రాయించుకో. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో డాక్టర్లే గర్భిణులను ఉచితంగా చూడాలని 2016 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది, ఆ రోజు రద్దీ ఉంటుంది గానీ నర్సుతో సరిపెట్టకుండా డాక్టర్ చెయ్యి పడుతుంది. ఒక రోజు కూలి పోతుంది, తెలుసు. అయినా వెళ్లు.

ఇంకో తమాషా చెప్తాను. ఆస్పత్రిలో అడ్డురాని ఆంధ్రా ఆధార్ బస్సులో అడ్డొస్తుంది. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా, అది ఇక్కడి అడ్రసున్న వాళ్లకే. నువ్వు టికెట్ కొనుక్కోవాలి. మనవైపు 2025 ఆగస్టు 15 నుంచి ఫ్రీ బస్సు పెట్టారు గానీ అది మన రాష్ట్రం లోపల తిరిగే బస్సులకే. అంటే అటూ ఇటూ మధ్యలో ఉన్న నీకే ఖర్చు. కాన్పుకి బిల్లు లేదని సంబరపడే ముందు ఇలాంటి చిల్లర లెక్కలు వేసి పెట్టుకోవాలని చెప్పడానికే ఇదంతా.

ఇక ఊరికెళ్లాలా, ఇక్కడే ఉండాలా అన్నది. పుట్టింటి పురుడు వద్దని నేననను, అమ్మ చేతి పత్యం ముందు ఏ ఆస్పత్రి తిండీ పనికిరాదు. కానీ ఏడో నెలలోపు తేల్చుకో. వెళ్లేటట్టయితే తొమ్మిదో నెలలో కాకుండా ముందే వెళ్లి, అక్కడి ఆస్పత్రిలో కార్డు చూపించి ఒక్కసారైనా పరీక్ష చేయించుకో. తాయి కార్డు మీద ఆర్‌సీహెచ్ నంబరు, అంటే నీ పేరు నమోదైన నంబరు, ఒకటుంటుంది, అది చూపిస్తే ఇక్కడి వివరాలు అక్కడి వాళ్లకి అందుతాయి. నేను భయపడేది ఇక్కడ కార్డు, అక్కడ స్కానింగ్, నొప్పులు ఇంకెక్కడో అన్న రకానికి.

ఒక రాత్రి ఒకమ్మాయి వచ్చింది, ఆస్పత్రి పేరెందుకులే. మనవాళ్లే, పత్తికొండ అవతల ఊరు. మొగుడి చేతిలో సంచి కూడా లేదు, ఒక ప్లాస్టిక్ బకెట్. అందులో రెండు పాత చీరలు, గ్లాసు, బిస్కెట్ ప్యాకెట్టు, సబ్బు. "కార్డు ఎక్కడమ్మా" అంటే "ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉంది మేడమ్, అడుగున" అంటుంది నొప్పుల మధ్యలో. బీపీ చూస్తే చాలా ఎక్కువ. ఎప్పటి నుంచి ఉందో, ఏ మాత్రలు వేసుకుందో చెప్పే దిక్కు లేదు, అదంతా ట్రంకు పెట్టెలో ఉంది. ఆ రాత్రి పెద్ద ఆస్పత్రికి పంపాం, తల్లీబిడ్డా బతికారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ బకెట్ కళ్లముందు కనిపిస్తుంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను బొమ్మనహళ్లి దగ్గర గార్మెంట్స్‌లో టైలర్‌ని. జీతంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్ అవుతుంది. నాకిప్పుడు ఆరో నెల. మా లైన్లో అందరూ ఏడో నెలలో మానేసి, కాన్పయ్యాక వేరే ఫ్యాక్టరీలో చేరతారు. నేనూ అట్లాగే మానేద్దామనుకుంటున్నా. ఈఎస్ఐ వల్ల ఏమైనా వస్తుందా?

జవాబు: దయచేసి రాజీనామా కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఈ ఒక్క ఉత్తరానికి జవాబు రాసినా ఈ నెల నా పని అయినట్టే.

నీ జీతంలో నెలనెలా ముప్పావు శాతం కోస్తున్నారే, కంపెనీ ఇంకో మూడుంపావు శాతం కడుతుందే, అదంతా దేనికనుకున్నావు? ఈఎస్ఐ వర్తించే కంపెనీల్లో నెల జీతం 21,000 లోపున్న వాళ్లకి ఇది ఉంటుంది, అందులో కాన్పు సెలవు 26 వారాలు. జీతంతో సెలవు! సగం కాదు, నీ రోజు సరాసరి జీతం పూర్తిగా, ఆదివారాలు కలిపి, ఈఎస్ఐ వాళ్లే నీ బ్యాంకులో వేస్తారు. 26 వారాలంటే ఆర్నెల్లు. దాంట్లో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. 2017 దాకా 12 వారాలే ఉండేది, ఆ ఏడు పెంచారు. మొదటి ఇద్దరు పిల్లలకి ఇలా, ఆ తర్వాత పుట్టేవాళ్లకి 12 వారాలు.

ఒక మెలిక ఉంది. ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి కనీసం 70 రోజులకు డబ్బు కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక పీరియడ్, అక్టోబరు నుంచి మార్చి ఇంకోటి. ఏడాది నుంచి ఒకే చోట పనిచేసే వాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. మధ్యమధ్య మానేసి ఫ్యాక్టరీలు మారేవాళ్లకే తేడా కొడుతుంది, మీ లైన్లో వాళ్లు చేసేది సరిగ్గా అదే. ఆర్నెల్ల జీతం వదిలేసి, కొత్త ఫ్యాక్టరీలో మళ్లీ మొదటి నుంచి.

కాన్పు కూడా ఈఎస్ఐ ఆస్పత్రిలోనే చేయించుకోవచ్చు, రాజాజీనగర్‌లో పెద్దది, ఇందిరానగర్‌లో, పీణ్యలో ఉన్నాయి. ముందు నీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లి పేరు రాయించుకో, వాళ్లే ఆస్పత్రికి రాసిస్తారు. సూపర్‌వైజర్ "నువ్వే రాసిచ్చి వెళ్లిపో" అని నసిగితే వినకు. కాన్పు సెలవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టప్రకారం తప్పు. వాళ్లకీ తెలుసు, అందుకే నీ చేత రాయించుకుంటారు! హెచ్ఆర్ దగ్గర మాట్లాడేటప్పుడు ఒక్కదానివే వెళ్లకు, లైన్లో ఇంకో ఇద్దరిని తోడు తీసుకెళ్లు.

ఈ సందర్భంలోనే మగవాళ్లకి ఒక మాట. మీకు ఈఎస్ఐ ఉంటే మీ భార్యకి కూడా అదే ఆస్పత్రిలో కాన్పు, మందులు ఉచితం, జీతం డబ్బు మాత్రం రాదు. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు చాలామంది కార్డు జేబులో పెట్టుకుని ప్రైవేట్ నర్సింగ్ హోముల్లో అప్పు చేసి కడుతుంటారు.

ప్రశ్న: మా చెల్లెలికి ఇక్కడే సర్కారు ఆస్పత్రిలో బాబు పుట్టాడు. బిడ్డని చేతికివ్వడానికి ఆయమ్మ వెయ్యి అడిగింది. స్ట్రెచర్ తోసినందుకు రెండొందలు, స్నానానికి ఇంకొంత. మందులు కొన్ని బయట తెమ్మన్నారు. పక్క మంచంలో ఆడపిల్ల పుడితే ఐదొందలకే వదిలేశారు. ఇదేనా మీరు చెప్పిన ఫ్రీ?

జవాబు: సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఇది ఉంది. నేను పనిచేసిన రోజుల్లోనూ ఉంది, నా కళ్లముందే జరిగింది, కొన్నిసార్లు అరిచాను, కొన్నిసార్లు డ్యూటీలో గొడవెందుకులే అని తల తిప్పుకున్నాను. మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకి ఒక రేటు అన్నది మాత్రం ఎన్నిసార్లు చూసినా ఒళ్లు మండుతుంది. ఆడపిల్లకి తక్కువ తీసుకోవడం దయ కాదు, "పాపం ఆడపిల్ల" అనడం అది.

ఏవేవి ఫ్రీయో గుర్తుపెట్టుకోండి, పేరు పెట్టి అడిగితే చాలాసార్లు ఎదుటివాళ్లే తగ్గుతారు. కాన్పు, పెద్దాపరేషన్ అయితే అదీ. మందులు, సెలైన్, గ్లోవ్స్, దూది సహా. రక్తపరీక్షలు, స్కానింగ్. రక్తం ఎక్కించాల్సి వస్తే రక్తం కూడా ఉచితమే, దానికి బదులుగా మీ వాళ్లు ఒకరిద్దరు ఇమ్మని అడుగుతారు, ఇస్తే మంచిదే గానీ ఇవ్వలేదని ఎక్కించకుండా ఆపకూడదు. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు తల్లికి భోజనం. ఇంటి నుంచి ఆస్పత్రికి బండి, ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి మార్చితే ఆ బండి, కాన్పయ్యాక ఇంటికి దింపే బండి. ఇక్కడ దింపే బండిని నగు మగు అంటారు, నవ్వే బిడ్డ అని అర్థం. పేరు ముచ్చటగా ఉంటుంది గానీ డిశ్చార్జి చీటీ చేతికొచ్చాక అడిగితే "ఇప్పుడే వేరేవాళ్లతో పోయింది" అంటారు, ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టుకోవాలి. పుట్టిన బిడ్డకి జబ్బు చేస్తే ఏడాది నిండేదాకా వైద్యం ఇదే లెక్కలో వస్తుంది.

బయట మందులు తెమ్మంటే చీటీ మీద రాసివ్వమనండి, బిల్లు దాచండి. రాతపూర్వకంగా ఇమ్మనగానే ఆ మందు ఒక్కోసారి స్టోర్లోనే దొరికేస్తుంది. డబ్బు అడిగితే వార్డులో గొడవ పడొద్దు, మన మనిషి ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది కదా, అది నాకు తెలుసు. ఆస్పత్రి బయటికొచ్చాక 104కి ఫోన్ చేసి తేదీ, టైము, వార్డు చెప్పి ఫిర్యాదు ఇవ్వండి, సూపరింటెండెంట్ పేరున కూడా ఒక కాగితం రాసివ్వండి. తెలుగులో రాసినా తీసుకుంటారు, కన్నడంలో రాయించగలిగితే పని త్వరగా అవుతుంది.

ఆయమ్మల గురించి కూడా ఒక మాట రాయకపోతే నాకు నిద్రపట్టదు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులు, జీతం నెలలకొద్దీ ఆగుతుంది. అలాగని మీరు వెయ్యి ఇవ్వాలని కాదు. తప్పు ఆవిడ దగ్గరే మొదలై ఆవిడ దగ్గరే ఆగదని మాత్రం చెప్తున్నా.

ప్రశ్న: నేను ఇళ్లలో పని చేస్తాను, కె.ఆర్.పురం. మొదటి కాన్పుకి 5,000 వస్తాయని ఒకరు, 6,000 అని ఒకరు, 600 అని ఒకరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: మూడూ ఉన్నవే, కానీ మూడూ మొదటి కాన్పుకి కాదు, దేని లెక్క దానిది.

5,000 అన్నది ప్రధానమంత్రి మాతృ వందన. మొదటి బిడ్డకి రెండు విడతల్లో, నమోదై ఒక పరీక్ష అయ్యాక 3,000, బిడ్డ పుట్టుక రిజిస్టరై మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. 6,000 అన్నది అదే పథకంలో రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇచ్చేది, 2022 ఏప్రిల్ 1 నుంచి పెట్టారు, ఒకేసారి వేస్తారు. రేషన్ కార్డు, అసంఘటిత కార్మికులకిచ్చే ఈశ్రమ్ కార్డు లాంటివాటిలో ఏదో ఒకటి చూపించాలి, ఇళ్లలో పనిచేసే వాళ్లు ఈశ్రమ్ చేయించుకుని ఉంటే ఇక్కడ పనికొస్తుంది. అంగన్‌వాడీ టీచర్‌నడిగితే అప్లికేషన్ వేస్తుంది. డబ్బు ఆధార్‌కి లింకైన ఖాతాలోనే పడుతుంది. మా పక్కింటమ్మాయికి ఆర్నెల్లైనా రాలేదని చూస్తే, పెళ్లికి ముందు ఎప్పుడో ధర్మవరంలో తెరిచిన ఖాతాలో పడి కూర్చుంది! ఏ బ్యాంకుకి లింకైందో ముందే కనుక్కోండి.

600 అన్నది జననీ సురక్షా యోజన, 2005 ఏప్రిల్‌లో వచ్చింది. ఇక్కడ బీపీఎల్, ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్లకి సిటీలో కాన్పైతే 600, పల్లెలో 700. ఏళ్ల తరబడి ఆ 600 అట్లాగే ఉంది. ఈ రోజున నొప్పులతో ఉన్న మనిషిని అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్తే మీటర్ మీద ఎంత అడుగుతాడో మీకే తెలుసు. పక్కనే తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీద ఇచ్చే కాన్పు సాయం 2018 నుంచి 18,000, అందులో 4,000 పౌష్టికాహారం కిట్ల రూపంలో. రెడ్డి అని చూసి మనావిడే అనుకునేరు, ఆవిడ పుదుక్కోట్టైలో పుట్టిన డాక్టరు, ఇంటి పేరు భర్త సుందర రెడ్డి గారిది. 1927లోనే మద్రాసు శాసనమండలిలో కూర్చున్న మొదటి మహిళ. అంతటి మనిషి పేరు పెట్టినందుకైనా 600 ఇవ్వలేరు కదా.

డబ్బు కాకుండా అంగన్‌వాడీలో మధ్యాహ్నం భోజనం కూడా ఉంది, మాతృపూర్ణ అని 2017లో మొదలైంది. అన్నం, సాంబారు, కోడిగుడ్డు, పాలు, పల్లీ చిక్కీ. పని మధ్యలో వెళ్లి కూర్చుని తినడం కుదరదంటారు మీరు, నిజమే. పనిచేసే ఇంటామెతో మాట్లాడి ఒక అరగంట సర్దుబాటు చేసుకోగలిగితే చూడండి.

ప్రశ్న: నా కోడలికి ఎనిమిదో నెల. అబ్బాయి ఆటో నడుపుతాడు. సర్కారు ఆస్పత్రిలో మంచానికి ఇద్దరు అంటారు, బళ్లారిలో వరసగా బాలింతలు పోయారని టీవీలో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గాజులు తాకట్టు పెట్టయినా ప్రైవేట్‌కి తీసుకెళ్దామంటున్నా, అబ్బాయి వద్దంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయనమ్మా. 2024 నవంబరులో బళ్లారిలో జరిగింది చిన్న సంగతి కాదు, పెద్దాపరేషన్లయిన తల్లులు రోజుల తేడాలో పోయారు, వాడిన సెలైన్ మీద అనుమానంతో రాష్ట్రమంతటా ఆ సరుకు ఆపేశారు. ఫ్రీగా ఇచ్చేది కూడా నిఖార్సైనది అయ్యుండాలి కదా అని నాకూ కోపమే వచ్చింది.

కానీ గాజుల సంగతి పక్కనపెట్టి ముందు కోడలి కార్డు తెరిచి చూడండి. బీపీ ఉందా, రక్తం బాగా తక్కువుందా, మొదటి కాన్పు ఆపరేషనా, కవలలా, మాయ కిందికుందని స్కానింగ్‌లో రాశారా? వీటిలో ఏది ఉన్నా రక్తనిధి, పసిపిల్లల ఐసీయూ ఉన్న పెద్ద ఆస్పత్రి కావాలి. సందు చివర పది మంచాల నర్సింగ్ హోములో అవి ఉండవు, కష్టం వచ్చిన రాత్రి వాళ్లు కూడా అంబులెన్సు పిలిచి పంపేది వాణీ విలాస్‌కే. సిటీ మార్కెట్ పక్కన విక్టోరియా ఆవరణని ఆనుకుని ఉన్న ఆ ఆస్పత్రి 1935 నాటిది, మెడికల్ కాలేజీది, డాక్టర్లు రాత్రీపగలూ ఉంటారు. రద్దీ మాత్రం జాతరే, అబద్ధం చెప్పను. మెట్రోలో అయితే మెజెస్టిక్‌లో లైను మారి కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లో దిగితే దగ్గర.

ఏ ఇబ్బందీ లేని కాన్పైతే మీ చుట్టుపక్కల పాలికె (నగర కార్పొరేషన్) వాళ్ల ప్రసూతి ఆస్పత్రి ఉందేమో చూడండి, బోర్డు మీద హెరిగె ఆస్పత్రె అని కన్నడంలో రాసి ఉంటుంది. చాలామంది తెలుగువాళ్లు రోజూ దాని ముందే నడుస్తూ అదేంటో తెలియక వెళ్లిపోతారు. అక్కడ మంచాలు దొరుకుతాయి, నర్సులు మొహం గుర్తుపడతారు. ఒక్క ప్రశ్న మాత్రం ఈ వారమే వెళ్లి అడగండి: "రాత్రిపూట ఆపరేషన్ కావాల్సొస్తే ఇక్కడే చేస్తారా, ఎక్కడికి పంపుతారు?" చాలా చిన్న ఆస్పత్రుల్లో మత్తుడాక్టర్ రాత్రి ఉండడు. పంపే చోటు తెలిస్తే మీ అబ్బాయికి ఆ రాత్రి దారి వెతుక్కునే పని ఉండదు, ఆటో ఎలాగూ ఇంట్లోనే ఉంది.

ఇవన్నీ చూశాక కూడా మనసొప్పక ప్రైవేట్ అంటారా, సరే, అది మీ ఇష్టం. మామూలు కాన్పుకెంత, ఆపరేషన్‌కెంత, బిడ్డని ఐసీయూలో పెడితే రోజుకెంత అని మూడూ కాగితం మీద రాయించుకోండి. గాజులు ఆ మూడో లెక్కలోనే కరుగుతాయి.

ప్రశ్న: నేను నర్సింగ్ రెండో సంవత్సరం. అన్నీ ఫ్రీ అయినా పేదవాళ్లు ఇంకా ఎందుకు ఆలస్యంగా వస్తారు? క్లాసులో అవగాహన లేకపోవడం అని రాయమన్నారు.

జవాబు: పరీక్షలో అదే రాయి తల్లీ, మార్కులు పోగొట్టుకోకు. నిజం మాత్రం వేరే.

ముందు ఒక మంచి మాట. 2005-06 జాతీయ సర్వేలో ఆస్పత్రి కాన్పులు నూటికి 39కి కాస్త తక్కువ, 2019-21 నాటికి 88 దాటాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు ఊరికే రాలేదు, డబ్బు అడగం అన్నందుకు జనం వచ్చారు. అవగాహన లేని జనం ఇట్లా వస్తారా? రాని వాళ్లని అడుగు, ఇంట్లో మూడేళ్ల పిల్లని ఎవరు చూస్తారు, మేస్త్రీ రెండ్రోజులు రాకపోతే పనిలోంచి తీసేస్తాడు, కన్నడం రాదు, అక్కడ కసురుతారు అంటారు. వీటిలో ఒక్కటీ ఆస్పత్రి బిల్లులో కనపడదు.

కసరడం గురించి నువ్వు ఇప్పుడే తెలుసుకో. కెన్యా దేశంలో 2013 జూన్ 1న సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు ఉచితం అని ప్రకటించారు. జనం పోటెత్తారు. మంచాలూ నర్సులూ అదే వేగంతో పెరగలేదు. అప్పుడు ఏమవుతుందో నేను ఎక్కడా చదవక్కర్లేదు, నేను చేసిన నైట్ డ్యూటీలే చాలు. ఒక్కదాన్నే, ఆరుగురు నొప్పుల్లో ఉన్నారు, ఏడో ఆమె అరుస్తుంటే "నోరు మూసుకో" అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ రెండో కాన్పుకి ఆ గడప తొక్కి ఉంటుందా? నాకు తెలిసి ఉండదు. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకి పోయే తల్లులు కర్ణాటకలో 69, మన ఆంధ్రలో 45, కేరళలో 19. ఈ తేడాలో మందులు, రోడ్లు, రక్తనిధులు అన్నీ ఉన్నాయి, ఆ రాత్రి నేనన్న లాంటి మాటలూ ఎంతో కొంత ఉంటాయనే నా నమ్మకం.

ఇక చిన్న చిన్నవి.

మూడో కాన్పు, చేర్చుకుంటారా అని ఒకరు. చేర్చుకోవాలి, కాన్పు ఫ్రీయే. మాతృ వందన డబ్బు మాత్రం రాదు. పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్ గురించి కాన్పుకి ముందే మాట్లాడుకోండి, టేబుల్ మీద పడుకోబెట్టాక అడిగించుకోవద్దు.

పుట్టిన సర్టిఫికెట్‌కి దళారి రెండు వేలు అడిగాడని ఒకరు. 21 రోజుల్లోపు రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు, ఆస్పత్రి వాళ్లే పంపిస్తారు. బిడ్డ పేరు ఇంకా అనుకోకపోయినా పర్లేదు, ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. తల్లి పేరు ఆధార్‌లో ఎట్లా ఉందో అదే అక్షరాలతో రాయించండి, "లక్ష్మమ్మ" ఇక్కడ "లక్ష్మవ్వ" అయిపోతే బడిలో చేర్చేటప్పుడు ఏడవాలి.

కన్నడం రాదు, ఏం మాట్లాడాలి అని చాలామంది. బెంగళూరు ఆస్పత్రుల్లో ఎవరో ఒకరికి తెలుగొస్తుంది, సిగ్గుపడకుండా తెలుగులోనే గట్టిగా అడగండి. "హెరిగె నోవు" అంటే పురిటి నొప్పులు, ఈ ఒక్క మాట నేర్చుకోండి చాలు. 108కి ఫోన్ చేసినా ముందు ఈ మాటే చెప్పండి.

కాన్పుకి ఏమేం తీసుకెళ్లాలి అని కదిరి అమ్మాయే ఉత్తరం చివర్లో అడిగింది, మర్చిపోయాను. ఉతికిన పాత కాటన్ చీరలు రెండు మూడు, బిడ్డకి మెత్తటి బట్టలు, తువ్వాలు, నీ నైటీలు, ప్యాడ్లు, గ్లాసు, ఫ్లాస్కు, ఫోన్ చార్జరు, వంద రూపాయల నోట్లు కొన్ని. తొమ్మిదో నెల పడగానే సర్ది తలుపు పక్కన పెట్టుకో. తాయి కార్డు, స్కానింగ్ కాగితాలు, ఆధార్ జిరాక్సు పాలిథీన్ కవర్లో చుట్టి అన్నిటికన్నా పైన పెట్టు. సంచి లేకపోతే బకెట్ అయినా పర్లేదు.